ఆరు పీపాల నీళ్ళు

ఆరేళ్ళపాటు నేను డ్రైవరు కూర్చునే వైపు కూర్చున్నాను. బండిని మాత్రం అతను నడిపాడు.

ఇందులో తిరకాసేమీ లేదు. మా ఆఫీసుకు ఇచ్చిన పికప్పు యుద్ధంలో పనిచేసి రిటైరైన విదేశీ బండి. దాని స్టీరింగు ఎడమవైపు ఉండేది. మన దేశంలో డ్రైవరు ఉండవలసిన కుడివైపు సీటులో, చేతుల్లో ఏమీ లేకుండా, కరువు పనుల గుమాస్తానైన నేను ఉండేవాణ్ణి. (ఉద్యోగం పేరు కరువు పనులు. నాకు మాత్రం ఎప్పుడూ పనుల కరువే.) పల్లెల్లో జనం నన్నే డ్రైవరనుకునేవాళ్ళు. గుత్తి దాటగానే వచ్చే మొదటి ఊళ్ళో ఒక అవ్వ రోజూ నా పక్కకే వచ్చి, "నాయనా, కోళ్ళుండాయి, నిదానంగా తోలు" అని హెచ్చరించేది. "అట్లనే అవ్వా" అనేవాణ్ణి. అవతల అతను నవ్వకుండా, నా మాట నిలబెట్టడం కోసం, వేగం తగ్గించేవాడు.

పోయిన నెల గుత్తి నుంచి కార్డు వచ్చింది. రాసింది అతని అల్లుడు. మూడే వాక్యాలు. మామ కాలం చేసినాడు. శుక్రవారం పెద్దదినం. మీకు తెలపమని ముందే చెప్పిండినాడు.

మూడో వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

అతని పేరు ఇక్కడ రాయను. పేరు పెట్టి పిలవగా నేను విన్నదీ లేదు. అందరికీ డ్రైవరన్న. అప్పటికే నలభై దాటిన మనిషి. పొట్టి. మెడ కొంచెం పక్కకు వాలి ఉండేది. అది పుట్టుకతో వచ్చింది కాదనీ, ఇంజను చప్పుడు వినీ వినీ అలా వాలిపోయిందనీ నా నమ్మకం. పొద్దున బండి దగ్గరికి రాగానే ముందు చెప్పులు విడిచి సీటు కింద పెట్టేవాడు. గుళ్ళోకి పోతున్నట్టు ఉండేది. మొదటిరోజే అడిగాను.

"చెప్పులుంటే కాలికి చెవుడు సార్," అన్నాడు. "ఇంజను చెప్పేది ఇనపడాల గదా."

చెప్పులకూ చెప్పడానికీ ముడిపెట్టి మురిసిపోయింది నేనే. అతనికి అలాంటి సరదాలు లేవు. ఉన్నమాట చెప్పాడు, అంతే.

బీడీ ఎప్పుడూ చెవి మీద ఉండేది. ఇంజను ఆగితే తప్ప ముట్టించేవాడు కాదు. "ముసల్దానికి పొగ పడదు" అనేవాడు. ముసల్దంటే బండి. దాని ఎగ్జాస్టులోంచి వచ్చే పొగకు మా ఆఫీసు గోడ నల్లబడిందని ఎవరైనా గుర్తు చేస్తే, "దాని పొగ దానికి పడతాది, మనది పడదు. సంసారంలో గూడా అంతే గదప్పా" అని హ్యాండిల్ అందుకునేవాడు. రెండు తిప్పులు తిప్పి, "లెయ్ తల్లీ, ఊర్లో నోళ్ళెండిపోతాండాయి" అని బతిమాలేవాడు. ఆమె లేస్తే సరి. లేవకపోతే వెనకనుంచి నేను తోయాలి. నా సర్వీసు మొత్తంలో నేను ముందుకు తోసింది ఆ ఒక్క బండినే. నన్నయితే ఇంతవరకూ ఎవరూ ముందుకు తోయలేదు.

అతను ఇంజనును అరవనిచ్చేవాడు కాదు. ఎత్తు వస్తే ముందే గేరు మార్చేవాడు. ఇంకో బండి ఏదైనా గర్జిస్తూ మమ్మల్ని దాటిపోతే మొహం చిట్లించేవాడు, పక్కింట్లో ఎవరో పెళ్ళాన్ని కొడుతున్న చప్పుడు విన్నట్టు.

"బండి అరిసిందంటే తప్పు దానిది గాదు సార్. తోలేవానిది."

యుద్ధంలో అతను బర్మా అడవులదాకా లారీ తోలుకొని పోయి వచ్చాడు. మా పెద్దవాళ్ళు కాశీ గురించి చెప్పినట్టు అతను అక్కడి బురద గురించి చెప్పేవాడు. "బురదలో తొక్కగూడదు సార్. తొక్కితే మన గుంత మనం తవ్వుకున్నట్టే. లో గేరులో, నిద్రపోయే బిడ్డని ఎత్తుకోని గడప దాటినట్టు దాటాల." అంతటి విద్య నేర్చుకొని వచ్చి పడింది ఎక్కడ? రెండేళ్ళుగా చినుకు లేని మా జిల్లాలో. "ఈడ బురద కావాలంటే దుడ్లిచ్చి కొనుక్కోవాల," అని తనే నవ్వేవాడు.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి. ఆ ఎండాకాలం మా పని, గుత్తిలో ఇంకా ఊట ఉన్న ఒక బావినుంచి నీళ్ళు తోడి, ఆరు పీపాలకు పట్టించి, ఉత్తరాన నల్లరేగడి నేలల్లో ఎండిపోయిన పల్లెలకు చేర్చడం. ప్రతి పీపాకూ అడుగున ఇత్తడి కొళాయి బిగించాం. దాన్ని తిప్పడానికి బలం అక్కర్లేదు. పల్లెలో ఆడవాళ్ళు కడవలు వరసగా పెట్టుకొని ఉండేవాళ్ళు. చివరి కడవ నిండి కొళాయి మూశాక, దాని మూతికి వేలాడే బొట్టును అతను వేలితో తీసుకొని కళ్ళకు అద్దుకునేవాడు. ఆరు మైళ్ళు ఆ నీళ్ళతో ప్రయాణం చేసినా వాటిలో గుక్కెడు తాగేవాడు కాదు. తాగడానికి వేరే చెంబు, రేడియేటరుకు వేరే డబ్బా. ఒకసారి డబ్బా ఖాళీ అయి రేడియేటరు ఉడుకుతుంటే, పీపాలోంచి కాసిని పట్టుకుందామన్నాను.

"అవి ఊరి నీళ్ళు సార్," అన్నాడు. మండే ఎండలో గంటసేపు ఆ ఇంజను చల్లారేదాకా ఇద్దరం రోడ్డు పక్కన కూర్చున్నాం. నాకు కోపం వచ్చింది. సిగ్గు తర్వాత వచ్చింది. నా విషయంలో ఎప్పుడూ అదే వరస.

ఆ ఎండాకాలంలోనే ఒకరోజు వాన వచ్చింది.

మేము పల్లెకు ఇంకా అరమైలు దూరంలో ఉన్నాం. పొద్దున పదిగంటలు. దక్షిణం నుంచి నల్లగా వచ్చి, చేటతో పోసినట్టు పడింది. అతను బండి ఆపి, దిగి, టోపీ తీసి, నోరు తెరుచుకొని ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డాడు. నేనూ దిగాను. ఇద్దరం పిచ్చివాళ్ళలా తడిశాం. "ఇంగ మన ఉద్యోగం పాయ సార్!" అని అతను కేక పెట్టాడు. ఉద్యోగం పోతుందని అంత సంతోషపడిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

అప్పుడు దారి పక్క చేనులోంచి ఒక ఆడమనిషి పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆ చేనులో కరువు పనుల కింద ఒక పాత బావిని లోతు చేస్తున్నారు. ఆమె మట్టి మోస్తుంది. ఆమె మొగుడు అడుగున గడ్డపార వేస్తాడు. నలభై రోజులుగా తవ్వుతున్నారు. వానకు తడిసిన గట్టు విరిగి, ఒక రాయి అతని నడుం మీద పడింది.

ఇంకో ఇద్దరు కూలీల సాయంతో అతన్ని పైకి తెచ్చి, బండి వెనక పీపాల మధ్య కంబళి పరిచి పడుకోబెట్టాం. గంపలతో సహా ఆమె, ఆ కూలీలూ ఎక్కారు. దెబ్బతిన్న మనిషికి స్పృహ వస్తూ పోతూ ఉంది. డ్రైవరన్న బండిని గుత్తివైపు తిప్పాడు. రెండు మైళ్ళు దాటితే కంకర రోడ్డు. కంకర ఎక్కితే అరగంటలో ఆసుపత్రి.

నల్లరేగడి తడిస్తే నేల కాదు, బంక. అయినా అతను చెప్పినట్టే తోలాడు. లో గేరు, బిడ్డను ఎత్తుకొని గడప దాటే నడక. మైలు దాకా అలా నడిచింది. తర్వాత దారి వాగులాంటి ఒక వంకలోకి దిగి, అవతల గట్టు ఎక్కాలి. దిగింది. ఎక్కలేదు. వెనక చక్రాలు తిరుగుతున్నాయి, బండి మాత్రం కూర్చుంటోంది.

దిగి తోశాం. నేనూ, ఆ ఇద్దరు కూలీలూ, ఆమె. బురద మా మొహాలకు కొట్టింది. ఆమె మట్టి మోసే గంపలు రెండూ చక్రాల కింద పెట్టింది. అవి విరిగి, బురదలో కలిసిపోయాయి. కూలీలు రాళ్ళు తెచ్చి వేశారు. రాళ్ళనూ నేల మింగింది.

"ఏమప్పా, మిలిట్రీలో ఇదేనా నేర్పిచ్చింది నీకు?" అని వాళ్ళలో ఒకడు అరిచాడు.

అతను కిందికి దిగాడు. చక్రాలు చూశాడు. కూలీలనూ ఆమెనూ తుమ్మకొమ్మలు కొట్టుకురమ్మని పంపించి, తను బండి వెనక్కి ఎక్కాడు. నేను ముందు చక్రం దగ్గర చేతులతో బురద తోడుతున్నాను. తల ఎత్తి చూస్తే, అతను దెబ్బతిన్న మనిషి పక్కన మోకాళ్ళ మీద కూర్చొని, ఒక పీపా కొళాయి మీద చెయ్యి పెట్టి ఉన్నాడు. కుదుపులకు ఎక్కడైనా కారుతోందేమో చూసుకుంటున్నాడని అనుకున్నాను. కొంతసేపు అలాగే వంగి ఉన్నాడు. తర్వాత లేచి వచ్చి సీటులో కూర్చున్నాడు.

కొమ్మలు వేశాం. అందరం వెనక భుజాలు పెట్టాం.

అప్పుడు అతను తొక్కాడు.

ఆ చప్పుడు నేను రాయలేను. ఆ ఇంజను అన్నేళ్ళలో ఎప్పుడూ గొంతెత్తలేదు. ఎత్తితే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. ముందు గర్జన, తర్వాత ఏడుపు, ఆ తర్వాత పళ్ళు కొరుకుతున్నట్టు. బండి జానెడు కదిలింది. ఇంకో జానెడు. బానెట్ మీద పడిన వాన పడినట్టే ఆవిరైపోతోంది. పక్క అద్దంలో అతని మొహం కనిపించింది. కళ్ళు మూసుకొని ఉన్నాడు. కాలు మాత్రం తీయలేదు. మూడు గజాలు ఎక్కించాడు. గట్టు అంచు కనిపించింది. లోపలెక్కడో ఇనుము విరిగిన చప్పుడు ఒకటి, దాని వెనకే టకటకమని కొట్టుకుంటూ, ఇంజను నిలిచిపోయింది. బండి మెల్లగా వెనక్కి జారి, మొదట ఉన్నచోటికే వచ్చి ఆగింది.

వాన చప్పుడు మళ్ళీ వినిపించింది.

కంబళి నాలుగు మూలలూ పట్టుకొని నడిచాం. తలవైపు అతనూ నేనూ. అతను చెప్పులు బండిలోనే వదిలేసి వచ్చాడు. తుమ్మముళ్ళ మీద నడుస్తున్నా కిందికి చూడలేదు. కంకర రోడ్డు ఎక్కాక, వాన తెరిపిచ్చి గుత్తి కొండ కనిపించిన చోట, ఆమె మొగుడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.

"దించండి," అంది. "ఇంగ చాలు. దించండి."

వాన ఆ ఒక్కరోజే. మళ్ళీ నాలుగు నెలలు లేదు.

ఇంజను ఎందుకు పగిలిందో విచారించడానికి వచ్చిన ఆఫీసరు మంచివాడే. కాలువల కింద పుట్టి పెరిగిన మనిషి. మా ఆఫీసు వరండాలో కుర్చీ వేయించుకొని, అందరి మాటలూ విన్నాడు. ఆమె కూడా వచ్చి స్తంభానికి ఆనుకొని నిలబడి ఉంది. అంతా విని ఆయన చాలా మామూలుగా అడిగాడు.

"ఆరు పీపాల నీళ్ళున్నాయి కదయ్యా బండిలో. పారబోస్తే తేలికయ్యేది కదా?"

  ఆ రోజు పైనుంచి వాన కురుస్తోంది, చుట్టూ నీళ్ళు, కాళ్ళ కింద నీళ్ళు, ఆ నీళ్ళలోంచి నీళ్ళ బండిని పైకి తోస్తూ, కొళాయి తిప్పాలన్న ఆలోచన నాకు రానేలేదు. ప్రమాణం చేసి చెప్తున్నాను, రాలేదు. నీళ్ళను నేలమీద వదిలేయడం అనేది మా ఊళ్ళలో చేతులకు అలవాటు లేని పని. కాలువల మనిషికి ఒక్క క్షణంలో తోచింది.

"నాకు తోచల్యా దొరా," అన్నాడు డ్రైవరన్న.

ఆమె స్తంభం వదిలి ఒక్కడుగు ముందుకు వేసింది. అతని మొహంలోకి చూసింది. ఏమీ అనలేదు ఆరోజు.

అనడం తర్వాత మొదలైంది. ఇంజను బాగుచేయించాక మళ్ళీ ఆ పల్లెకు నీళ్ళు తోలాం. ఆ కరువు కాలమంతా, ఆ తర్వాత వచ్చిన ఇంకో కరువులోనూ. బండి ఊరి మొదట్లోకి రాగానే ఆమె కడవ పట్టుకొని ఎదురుగా వచ్చి నిలబడేది. అతను ఆపి, దిగి, టోపీ తీసి చేతిలో పట్టుకునేవాడు.

"మొద్దు మొగమోడా," అని మొదలుపెట్టేది. "చేతికందే కొళాయి. తిప్పితే తిరుగుతాది. యుద్ధానికి పోయొచ్చినావంట. ఏం చూసొచ్చినావు ఆడ? నీకు తెలివి లేకపాయనా?"

"లేకపాయనమ్మా."

"లేకపాయనమ్మా అంట. నోరు చూడు నోరు. నీళ్ళు పారబోసింటే నా మొగుడు ఈ పొద్దు నాకు కట్టెలు కొట్టిస్తాన్యాడు గదరా."

"కొట్టిస్తాన్యాడమ్మా."

మాటలు అయిపోయేదాకా నిలబడేవాడు. అయిపోయాక ఆమె కడవ తీసుకొని, అందరికంటే ముందు దాన్ని నింపి, నెత్తికెత్తేవాడు. ఒక్కొక్కసారి ఆమె తిట్టు మధ్యలో మరిచిపోతే, తర్వాత మాట అందుతుందేమోనని ఆగి చూసేవాడు. నాకది భరించరానిదిగా ఉండేది. నేను సీటులోంచి దిగేవాణ్ణి కాదు. తల తిప్పుకొని, డ్రైవరు వైపు కూర్చొని, ఏ డ్రైవరూ చూడనంత శ్రద్ధగా చేలలోకి చూసేవాణ్ణి.

"ఇంకో దారిన పోదాం అన్నా," అన్నాను ఒకరోజు.

"ఆయమ్మ ఎదురుచూస్తాది సార్."

నాకు కదిరికి బదిలీ అయింది. అక్కడి బండికి స్టీరింగు కుడివైపే ఉంది. ఎడమవైపు కూర్చొని కొన్నాళ్ళు దిక్కుతోచనట్టు ఉన్నాను.

పోయిన ఏడాది పనిమీద గుత్తి వెళ్ళి, కొండ కింద అతని ఇంటికి పోయాను. ఊపిరితిత్తులు పాడయ్యాయి. మంచం మీద గోడకు ఆనుకొని కూర్చొని, "మీ పొగ మీకు పడల్యా అని అంటాది సార్ మా ముసల్ది," అన్నాడు. ఈసారి ముసల్దంటే భార్య. ఆమె నాకు మజ్జిగ ఇచ్చి లోపలికి పోయాక, గొంతు తగ్గించాడు.

"సార్, ఆ పొద్దు మీరు నన్ను చూసినారు. కొళాయి మీద చెయ్యేసింటి."

"కారుతోందేమోనని చూస్తున్నావనుకున్నాను."

"తిప్పినా సార్. సగం తిప్పినా." అతను కొంచెం ఆగాడు, ఊపిరి కోసం. "నాకు తోచకేమి? లారీ దిగబడితే బరువు తియ్యాల. బర్మాలో మొదుట నేర్పేది అదే. నీళ్ళు పడే చప్పుడు ఇని ఆయప్ప కండ్లు తెరిచినాడు. నా మణికట్టు పట్టుకున్యాడు. అంత దెబ్బలో యాడ ఉన్నిందో సార్ ఆ బలం. 'అన్నా, ఇవి మా ఊరి నీళ్ళు గదా' అన్యాడు. అవునంటి. 'నలబై దినాలు తవ్వినా, చెంబెడు పడల్యా. నా కోసరం నేలపాలు చెయ్యొద్దు. మూసెయ్. నువ్వు లాగిస్తావులే' అన్యాడు."

మజ్జిగ గ్లాసు కింద పెట్టాను.

"మూసేసినా సార్. లాగిస్తాననుకున్యా."

బయట ఎవరో మేకల్ని అదిలిస్తూ పోయారు. 

"ఇన్నేళ్ళూ ఆమెతో ఎందుకు చెప్పలేదన్నా? ఊరంతా వినేటట్టు తిట్టించుకున్నావే!"

"ఏమని చెప్పేది సార్? నీ మొగుడు నిన్ను తలుచుకోల్యా, నీళ్ళను తలుచుకున్యాడు అనా? అప్పుడు ఆయమ్మ ఎవురిని తిట్టుకుంటాది? సచ్చినోన్నా?" తల పక్కకు వాలింది, ఇంజను వింటున్నట్టు. "నా మీదుంటే తిట్టుకుంటాది. తిట్టుకోని నీళ్ళు తీసుకోని ఇంటికి పోయి సంగటి కెలుక్కుంటాది. మీరు గూడా చెప్పగాకండి."

చెప్పనన్నాను. మరి నాకెందుకు చెప్పావని అడగలేదు. బరువు తీయడం గురించి అతనికి తెలుసు.

శుక్రవారం పెద్దదినానికి వెళ్ళాను. ఇంటి ముందు తడికెల నీడలో నాకు ఒక కుర్చీ వేశారు. కుర్చీ ఒక్కటే ఉంది, నేను ఆఫీసు మనిషినని. భోజనాలు మొదలవుతుండగా ఆ పల్లెనుంచి ఆమె వచ్చింది. ఆరు మైళ్ళు నడిచి వచ్చినట్టు పాదాల దుమ్మే చెప్తోంది. జుట్టు నెరిసింది. లోపలికి పోయి డ్రైవరన్న భార్య పక్కన కాసేపు కూర్చొని, బయటికి వచ్చింది. నన్ను గుర్తుపట్టింది.

"నువ్వు ఆ పొద్దు ఆడుంటివి గదా సామీ."

"ఉంటినమ్మా."

"ఈయప్ప మొద్దు. చెడ్డోడు గాదు, మొద్దు. తెలివి తక్కవ." ఆమె ఇంటివైపు చూసింది. తిట్టవలసిన మనిషి లేని గుమ్మం వైపు. చేతులు రెండూ ఊరికే ముడుస్తూ విప్పుతూ ఉంది, కడవ లేకుండా వచ్చినందుకేమో. "పోయినాడు. ఇంగేముండాది."

ఒక్క మాట నా నోటిదాకా వచ్చింది. చెప్పేస్తే అతను మొద్దు కాకుండా పోతాడు. ఇన్నేళ్ళ తిట్లు ఒక్కసారిగా వెనక్కి తిరుగుతాయి. తిరిగి ఎవరి మీదికి పోతాయి?

ఆమె నావైపు తిరిగింది.

"ఆయప్పకు తెలివి లేదు సరే. నువ్వు సదువుకున్నోడివి గదా సామీ. నీకన్నా తోచగూడదా?"

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. భుజం మీది కండువా తీసి చేతిలో పట్టుకున్నాను.

"తోచలేదమ్మా," అన్నాను.

ఆమె మొదలుపెట్టింది. మొదట నెమ్మదిగా, వెతుక్కుంటున్నట్టు. తర్వాత ఒక్కొక్క మాటా దాని చోటికి అది వచ్చింది. కొళాయి. తిప్పితే తిరుగుతాది. కట్టెలు కొట్టే మొగుడు. పంక్తిలో కూర్చున్నవాళ్ళు తినడం ఆపి చూస్తున్నారు. అయిపోయేదాకా నేను అలాగే నిలబడి విన్నాను.